గుండె లెక్క, వాచీ లెక్క

టైము చూసుకోవడానికి వాచీ పెట్టుకునే రోజులు పోయాయి. నమ్మకపోతే ఏ రోజైనా పొద్దున్నే ఆరింటికి భద్రకాళి బండ్ మీదకో, హన్మకొండ జేఎన్ఎస్ గ్రౌండుకో వచ్చి చూడండి. నడిచేవాళ్ళు ఎదురుగా వచ్చే మనిషిని చూడరు, మణికట్టు చూసుకుంటుంటారు. "నాకు నూట నలభై", "నాకు నూట యాభై రెండు" అని స్కోర్లు చెప్పుకుంటారు. ఎక్కువ వచ్చినవాడు గెలిచినట్టా, తక్కువ వచ్చినవాడు గెలిచినట్టా అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబుండదు.

ముందే చెప్పేస్తున్నా, నేను ఈ వాచీలకి వ్యతిరేకిని కాదు. మూడేళ్ళుగా వాడుతున్నా, ఇంకా వాడతా. నా గొడవల్లా ఏంటంటే, పెట్టెలోంచి తీసి, పుట్టినతేదీ, బరువు కొట్టేసి, అది చూపించే రంగురంగుల జోన్లని వేదవాక్కులా పట్టుకుని పరిగెత్తడం గురించి. డీఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చకుండా సర్వర్ని ఇంటర్నెట్‌లో వదిలేసే పనికీ దీనికీ పెద్ద తేడా లేదు. అక్కడ పోతే డేటా పోతుంది, ఇక్కడ ఉన్నది గుండె.

ఆ జోన్లు ఎక్కడినుంచి వస్తాయి? చాలా వాచీల్లో, మనం ఏమీ మార్చకపోతే, 220 లోంచి వయసు తీసేస్తారు. అదే మీ గుండె కొట్టుకోగల గరిష్ఠ వేగం అని వాచీ అనుకుంటుంది. మిగతావన్నీ దాంట్లో శాతాలు. ఈ 220 సూత్రం 1971లో ఫాక్స్, నాటన్, హాస్కెల్ అనే ముగ్గురు రాసిన ఒక పేపర్లోంచి పాకింది. వాళ్ళేమీ దానికోసం కొత్తగా ప్రయోగం చెయ్యలేదు. అప్పటికే ఉన్న లెక్కల్ని గ్రాఫు మీద పెట్టి, సుమారుగా ఒక గీత గీశారు, అంతే. ఆ గీత జిమ్ముల గోడలెక్కింది, ట్రెడ్‌మిల్లుల్లోకి దూరింది, చివరికి మన చేతికొచ్చింది. 2001లో టనాకా అనే ఆయన బృందం 351 అధ్యయనాలు కలిపి చూసి, 208 లోంచి వయసులో 0.7 వంతు తీసేస్తే ఇంకాస్త దగ్గరగా వస్తుందని చెప్పింది. అరవై ఏళ్ళ మనిషికి పాత సూత్రం 160 అంటే, కొత్తది 166 అంటుంది.

సూత్రం ఏదైనా అది సగటు. ఒకే వయసు వాళ్ళని వందమందిని నిలబెడితే వాళ్ళలో దాదాపు మూడోవంతు మందికి అసలు అంకె సూత్రానికి పది కంటే ఎక్కువ దూరంలో ఉంటుంది, పైకో కిందకో. ఇంజనీరింగులో స్టాండర్డ్ డీవియేషన్ చదువుకున్న మనమే సగటుని పట్టుకుని "ఇదే నా అంకె" అనుకుంటే ఎలా?

నా సంగతే తీసుకోండి. వయసు 28. వాచీ లెక్క ప్రకారం నా గరిష్ఠం 192. ముందు టీఎంటీ చేయించుకుని, డాక్టరు సరేనన్నాక, ఛాతీకి పట్టీ కట్టుకుని గ్రౌండులో ఎనిమిదొందల మీటర్లు మూడుసార్లు పరిగెత్తా, చివరిసారి ప్రాణం పెట్టి. వచ్చింది 201. (నలభై దాటినవాళ్ళు, ఇంట్లో గుండెజబ్బులున్నవాళ్ళు, బీపీ, షుగరు ఉన్నవాళ్ళు డాక్టరుని అడక్కుండా ఈ పని చెయ్యొద్దు. మర్యాదకి చెప్పడం లేదు, నిజంగానే చెప్తున్నా.)

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. అందరూ కలవరించే ఆ "జోన్ టూ" అంటే గరిష్ఠంలో 60 నుంచి 70 శాతం అని కొన్ని వాచీలు లెక్కేస్తాయి. 192 మీద అది 115 నుంచి 134. నేను బండ్ మీద కాస్త జోరుగా నడిస్తేనే 115 దాటుతుంది, పరుగు మొదలెడితే 134 కూడా దాటిపోతుంది. అంటే వాచీ ప్రకారం నేను తేలిగ్గా పరిగెత్తడం అనేది జన్మలో జరగదు. ఇంకో పద్ధతి ఉంది, 1957లో కార్వొనెన్ బృందం చేసిన పని మీద ఆధారపడింది. గరిష్ఠంలోంచి విశ్రాంతిలో ఉన్నప్పటి అంకెని తీసేసి, మిగిలినదాంట్లో శాతం కట్టి, మళ్ళీ విశ్రాంతి అంకెని కలుపుతారు. నాకు నిద్ర లేవగానే 62 ఉంటుంది. 201 లోంచి 62 తీస్తే 139. అందులో 60-70 శాతం కట్టి 62 కలిపితే 145 నుంచి 159. పేరు ఒకటే, మనిషి ఒకడే. ఒక లెక్కలో 115-134, ఇంకో లెక్కలో 145-159. రెండిటికీ ఒక్క అంకె కూడా ఉమ్మడిగా లేదు! ఒకే వేరియబుల్ పేరుకి రెండు మాడ్యూళ్ళలో రెండు అర్థాలు పెడితే మా టీం లీడ్ కోడ్ రివ్యూలో ఊరుకోడు. గుండె విషయంలో మాత్రం ఎవరూ అడగరు. చాలా వాచీల్లో గరిష్ఠాన్నీ, విశ్రాంతి అంకెనీ, లెక్కకట్టే పద్ధతినీ మనమే మార్చుకోవచ్చు. ఐదు నిమిషాల పని.

ఇంతకీ ఈ వస్తువు పుట్టింది మంచుదేశంలో. ఫిన్లాండులోని ఔలు యూనివర్సిటీ ప్రొఫెసరు సెప్పో సైనాయాకాంగస్ 1977లో పోలార్ కంపెనీ పెట్టాడు. మంచు మీద స్కీయింగ్ చేసేవాళ్ళ గుండె వేగాన్ని మైదానంలోనే కొలవాలన్నది ఆయన ఆలోచన. ఛాతీ పట్టీ నుంచి వైరు లేకుండా చేతి వాచీకి అంకె పంపే పరికరాన్ని 1982లో అమ్మకానికి తెచ్చారు. చలిదేశం వాళ్ళ కోసం పుట్టిందే గానీ, నన్నడిగితే దీని అసలు అవసరం మనకే ఎక్కువ. కారణం మన ఎండలు.

వరంగల్ మే నెల గురించి ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో తెల్లవారుజామున కూడా బండ రాళ్ళలోంచి సెగ వస్తూనే ఉంటుంది. అలాంటప్పుడు శరీరం చల్లబడ్డానికి రక్తాన్ని చర్మం వైపు పంపాలి, అదే సమయంలో కాళ్ళకీ పంపాలి. పైగా చెమట రూపంలో నీరు పోయి రక్తం పరిమాణం తగ్గుతుంది. ఒక్కో దెబ్బకి గుండె పంపే రక్తం తగ్గేసరికి, ఆ లోటు పూడ్చడానికి అది ఎక్కువసార్లు కొట్టుకోవాలి. జనవరిలో కిలోమీటరుకి ఏడు నిమిషాల చొప్పున పరిగెత్తితే నాకు 148 ఉండేది. అదే దారి, అదే వేగం, మే నెలలో 165. బద్ధకం పెరగలేదు, ఫిట్‌నెస్ తగ్గలేదు. వేడి, అంతే.

వేగాన్ని పట్టుకుని వేలాడేవాడు మేలో కూడా ఏడు నిమిషాలకే పరిగెత్తుతాడు, ఇంటికొచ్చి సాయంత్రం దాకా తలనొప్పితో పడుకుంటాడు. గుండె అంకెని చూసేవాడు ఏడుంపావుకో, ఏడున్నరకో, ఎనిమిదికో దిగుతాడు. వాచీ వల్ల నాకు జరిగిన పెద్ద మేలు ఇదే. అందరూ దీన్ని యాక్సిలరేటర్ అనుకుంటారు గానీ ఇది బ్రేకు. "ఇవాళ నెమ్మదిగా వెళ్ళు" అని ఎవడైనా చెప్తే మనకి నామోషీ. అంకె చెప్తే వింటాం. రాత్రి రెండింటి దాకా రిలీజ్ కాల్‌లో కూర్చున్న మర్నాడు, జ్వరం రాబోయే ముందురోజు, విశ్రాంతి అంకె నాకు 62 బదులు 70 చూపిస్తుంది. అప్పుడు బూట్లు విప్పేసి చాయ్ పెట్టుకుంటా.

అయితే ఆ అంకె సరైనదైతేనే కదా ఇదంతా. మణికట్టు వాచీ గుండెని వినదు. చర్మం మీద ఆకుపచ్చ లైటు వేసి, రక్తం ఎంత వెలుతురు మింగిందో చూసి, ఆ హెచ్చుతగ్గుల్లోంచి నాడిని ఊహిస్తుంది. కూర్చున్నప్పుడు బాగానే చెప్తుంది. పరిగెత్తేటప్పుడు చెయ్యి ఊగుతుంది, వదులుగా పెట్టుకుంటే సందులోంచి వెలుతురు దూరుతుంది. ఒక్కోసారి గుండె దెబ్బని వదిలేసి అడుగుల చప్పుడుని పట్టుకుంటుంది. పరుగు మొదలెట్టిన రెండో నిమిషంలోనే 170 చూపించి అక్కడే అతుక్కుపోయిందంటే, అది మీ గుండె కాకపోవచ్చు, నిమిషానికి మీరు వేసే అడుగులు కావచ్చు. మణికట్టు ఎముకకి రెండు వేళ్ళు పైకి జరిపి, బిగువుగా పెట్టుకోండి. డంబెల్సు, షటిల్ ఆడేవాళ్ళకి అదీ చాలదు, పిడికిలి బిగిసినప్పుడల్లా లెక్క చెడుతుంది. ఛాతీ పట్టీ నేరుగా గుండె విద్యుత్తునే పట్టుకుంటుంది కాబట్టి దాన్నే నమ్ముతా. పెట్టుకునే ముందు తడపాలి, వాడాక కడిగి ఆరెయ్యాలి, అదొక్కటే చాకిరీ.

పట్టీ ఉన్నా అన్నిటికీ పనికిరాదు. మన పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో పరిగెత్తి కాంస్యం తెచ్చింది. అదే ఏడాది మే నెలలో కోబెలో 55.07తో బంగారం, అప్పటికి అది ప్రపంచ రికార్డు కూడా. అలాంటి పరుగు మధ్యలో గుండె అంకె చూసి ఏం లాభం? కాళ్ళు ఇప్పుడు పెట్టిన శ్రమ గుండె అంకెలో కనబడ్డానికి అర నిమిషమో, ఇంకా ఎక్కువో పడుతుంది. అది పైకెక్కే లోపల పందెం అయిపోతుంది. జేఎన్ఎస్ ట్రాక్ మీదే 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ పోటీల్లో హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లని 4 నిమిషాల 5.39 సెకన్లలో పూర్తిచేసి, 2002 నాటి సునీతా రాణి రికార్డుని చెరిపేసింది. ఆ ట్రాక్ మీదే మన కుర్రాళ్ళు రెండొందల మీటర్లు పరిగెత్తి, ఆగి, "జోన్ ఫైవ్ రాలేదన్నా" అని బాధపడుతుంటారు. చిన్న దూరాలకి మామూలు స్టాప్‌వాచీ చాలు తమ్ముళ్ళూ.

వాచీ లేనివాళ్ళు బాధపడాల్సింది కూడా ఏమీ లేదు. బొటనవేలు కింద మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి, పదిహేను సెకన్లు లెక్కపెట్టి, నాలుగుతో గుణించండి. 1707లోనే జాన్ ఫ్లోయర్ అనే ఇంగ్లీషు వైద్యుడు నాడి లెక్కపెట్టడానికి సరిగ్గా ఒక నిమిషం నడిచే వాచీ గురించి పుస్తకం రాశాడు, మన వైద్యులు వాచీ లేకుండానే నాడి పట్టి చూశారు. ఇంకా తేలిక దారి, మాట్లాడి చూసుకోవడం. ఫోన్లో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే తేలిక పరుగు. రెండు మూడు మాటలకి ఊపిరి తీసుకోవాల్సివస్తే గట్టి పరుగు.

ఇక అన్నిటికంటే నన్ను భయపెట్టే సంగతి. 2021 అక్టోబరు 29న పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్ళకే పోయారు. నాలుగు నెలలు తిరక్కుండా, 2022 ఫిబ్రవరి 21న ఆంధ్రా ఐటీ మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 50 ఏళ్ళకి. ఇద్దరూ వ్యాయామం చేసేవాళ్ళే. ఆ తర్వాత మా ఆఫీసులో చాలామంది చేసిన మొదటి పని, గుండె వాచీ కొనడం. ధైర్యం కోసమట! రక్తనాళంలో అడ్డంకి ఉన్నా గుండె నిమిషానికి 72 సార్లు హాయిగా కొట్టుకోవచ్చు. వాచీకి తెలిసేది ఎన్నిసార్లు కొట్టుకుందన్నదే. ఈసీజీ తీసే ఆపిల్ వాచీ కూడా గుండెపోటుని తాను పట్టలేనని స్వయంగా చెప్పుకుంటుంది. 52 దేశాల ఇంటర్‌హార్ట్ అధ్యయనంలోని లెక్కలు 2007లో వచ్చాయి. మొదటి గుండెపోటు దక్షిణాసియా వాళ్ళకి సగటున 53 ఏళ్ళకి వస్తే, మిగతా దేశాల వాళ్ళకి 58.8 ఏళ్ళకి. ఆ డబ్బుల్లో కొంత పెట్టి బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకున్నవాళ్ళు మా ఫ్లోర్‌లో నాకు తెలిసి ఇద్దరు.

ఇదంతా నాకు పట్టడానికి కారణం మా బాపు. 58 ఏళ్ళు, కాజీపేటలో రైల్వే ఉద్యోగం. మూడేళ్ళ కింద స్టెంటు వేశారు. అప్పటినుంచి గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర రోజూ వేసుకుంటాడు. పోయినేడాది అమెరికా నుంచి వచ్చిన మా బావ ప్రేమగా ఓ మంచి వాచీ తెచ్చి కట్టాడు. వారం తిరక్కుండా బాపు ముఖం మాడిపోయింది. "ఏందిరా ఇది, నేను గంటసేపు నడిచిన, ఇదేమో సున్నా అంటాంది" అన్నాడు.

తప్పు వాచీది కాదు, దానికి తెలిసినంతలో అది లెక్కే కట్టింది. 220 లోంచి 58 పోతే 162. అందులో 64 శాతం, అంటే 104 దాటితేనే ఓ మోస్తరు వ్యాయామం. మాత్ర వేసుకున్న బాపు గుండె ఎంత జోరుగా నడిచినా 95, 98 దగ్గర ఆగుతుంది. మాత్ర పని అదే మరి! వాచీకి మాత్ర సంగతి ఎవరూ చెప్పలేదు. బాపు ఏం చేశాడంటే, దాన్ని మెప్పించడానికి పద్మాక్షి గుట్ట మెట్లెక్కడం మొదలుపెట్టాడు. అమ్మ చెప్తే తెలిసింది నాకు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, మాత్ర మీద ఉండగానే ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి, 110 దాటనివ్వొద్దని, నడుస్తూ మాట్లాడగలగాలని, ఛాతీలో బరువనిపిస్తే అంకె ఎంతున్నా ఆగిపోవాలని చెప్పాడు. వయసుని బట్టి వేసే లెక్క బీటా బ్లాకర్ వేసుకునేవాళ్ళకి వర్తించదన్నది వైద్యంలో పాత సంగతే. వాచీ పెట్టెలోని కాగితాల్లో కూడా ఎక్కడో చీమతలకాయంత అక్షరాల్లో "మందులు వాడేవారు వైద్యుణ్ణి సంప్రదించండి" అని ఉంది. అమెరికా నుంచో, ఆన్‌లైన్లోనో తల్లిదండ్రులకి వాచీ పంపే పిల్లలు ఆ సెట్టింగులు కూడా మార్చి పంపితే బాగుంటుంది. లేకపోతే స్వెట్టరు పంపండి, దాంతో ఏ గొడవా లేదు :)

బాపు వాచీలో ఇప్పుడు జోన్లు తీసేశా. 110 దాటితే చేతికి సన్నగా వణుకు, అదొక్కటే ఉంచా. చప్పట్లు కొట్టే బొమ్మలూ, "ఇంకా కష్టపడండి" అనే మెసేజీలూ అన్నీ బంద్. అడుగుల లెక్క కూడా తీసేద్దామనుకున్నా గానీ ఒప్పుకోలేదు. ఎదురింటి సారుతో పందెం నడుస్తాందట.