ఎనిమిది కెమెరాలు, ఒక్క ముఖమూ లేదు

వారమంతా గచ్చిబౌలిలో ఉద్యోగం, శని ఆదివారాలు కనకమామిడి గ్రామంలోని తోటలో. చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఫాంహౌస్ కొనుక్కున్న చాలామంది తీరు ఇదే. జంట జలాశయాల చుట్టూ కట్టడాలకు హద్దులు పెట్టిన 1996 నాటి 111 జీవో పుణ్యమా అని ఇళ్లు ఎడంగా ఉంటాయి. కేకేస్తే పలికే పొరుగు ఉండదు. మిగతా అయిదు రోజులూ దిక్కు వాచ్‌మన్ కుటుంబం, చూరు కింద నాలుగు కెమెరాలు. పక్క తోటలో మోటారు వైరు కోసుకుపోయారని తెలిస్తే చాలు, ఆ నాలుగూ ఎనిమిదవుతాయి.

అక్కడే డబ్బు దండగ. ఎన్ని ఉన్నాయన్నది కాదు, గేటు దగ్గర ముఖం దొరుకుతుందా అన్నది చూసుకోవాలి.

రెండు మెగాపిక్సెళ్ల కెమెరా బొమ్మలో అడ్డంగా 1920 చుక్కలుంటాయి. మామూలుగా బిగించే 2.8 ఎంఎం లెన్స్ పది మీటర్ల దూరంలో సుమారు 24 మీటర్ల వెడల్పు చూపిస్తుంది. మనిషి ముఖం వంతుకు పట్టుమని పదమూడు చుక్కలు రావు. ఎవరో వచ్చారని తెలుస్తుంది, ఎవరో తెలియదు. అదే చోట 6 ఎంఎం లెన్స్ పెడితే ముప్పై చుక్కలు దాటుతాయి. ఆ కెమెరాను చూరు కింద కాక గేటు స్తంభానికి ఏడెనిమిది అడుగుల ఎత్తున బిగిస్తే టోపీ పెట్టుకున్నవాడి ముఖమూ పడుతుంది.

పాత ఏర్పాటు మార్చాలంటే అంతా పీకెయ్యక్కర్లేదు. కోయాక్సియల్ వైరు బాగుంటే అది అలాగే ఉంచి రికార్డు చేసే డీవీఆర్, గేటు కెమెరా మారిస్తే సరిపోతుంది. ఐపీ కెమెరాలకు వెళ్తే ఈథర్నెట్ కేబుల్ హద్దు 100 మీటర్లు. గేటు అంతకంటే దూరమైతే మధ్యలో స్విచ్ పెట్టించాలి. డీవీఆర్‌కూ రౌటర్‌కూ కెమెరాలకూ ఇన్వర్టర్ లైను ఇప్పించండి. గాలివానకు కరెంటు పోయిన రాత్రే దొంగకు అదను.

హార్డ్ డిస్కు సంగతీ చూసుకోవాలి. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున నాలుగు కెమెరాలు రికార్డు చేస్తే ఒక టీబీ పదకొండు రోజుల్లో నిండి, పాతది చెరిగిపోతుంది. జనం గుమిగూడే చోట్ల 30 రోజుల రికార్డు ఉంచాలని 2013 నాటి ప్రజా భద్రత చట్టం అంటోంది; ఇంటికీ అదే లెక్క పెట్టుకుంటే మంచిది. దొంగతనం జరిగితే తెరను ఫోన్‌తో వీడియో తీసి వాట్సాప్‌లో పంపి ఊరుకోకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం కావాలి. కాబట్టి అసలు ఫైలు, డిస్కు భద్రం.

పాస్‌వర్డ్ మొదటిరోజే మార్చండి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌తోనే వదిలేసిన కెమెరాలను 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల్లో లొంగదీసుకుంది. మన దేశంలో 2025 ఏప్రిల్ నుంచి కెమెరాలకు భద్రతా పరీక్ష తప్పనిసరి. కొనేముందు ఆ పరీక్ష నెగ్గినట్టు ఎస్టీక్యూసీ ధ్రువపత్రం అడగండి.

ఇన్ని చేశాక కూడా అర్ధరాత్రి కెమెరా అలర్ట్ మోగేది నగరంలో నిద్రపోతున్న యజమాని ఫోన్లో. గేటుకు యాభై అడుగుల్లో ఉన్న వాచ్‌మన్‌కు కబురే ఉండదు. పైగా ఎనిమిదింటిలో ఒక కెమెరా అతని గది గుమ్మం మీదే ఉంటుంది. అతని భార్య తల దువ్వుకోవాలన్నా లోపలికి వెళ్లాలి. ఆ కెమెరాను గేటువైపు తిప్పి, కెమెరా యాప్ అతని ఫోన్లో కూడా వేయించండి. కాపలా కాసే మనిషిని అనుమానిస్తూ కాపలా కోరితే దొంగకే లాభం.