నైట్రో ట్రక్‌లో ఫ్యూయల్ ఫిల్టర్: పెడితే చాలదు, సరిగ్గా పెట్టాలి!

నైట్రో ఆర్‌సీ ట్రక్ కొన్నవాళ్లు కొత్త టైర్లకీ, బాడీకీ వేలు ఖర్చు పెడతారు. ఫ్యూయల్ పైపులో పెట్టే చిన్న ఫిల్టర్‌ని మాత్రం పట్టించుకోరు. నన్నడిగితే ముందు కొనాల్సింది అదే.

ఎందుకంటారా? 3.3 సీసీ ఇంజిన్ కార్బురేటర్‌లో నీడిల్ దగ్గర దారి చాలా సన్నగా ఉంటుంది. చిన్న ఇసుక రేణువు అడ్డుపడినా ఫ్యూయల్ తగ్గి మిక్చర్ లీన్ అయిపోతుంది. మిథనాల్, నైట్రోమీథేన్‌తో పాటు ఇంజిన్ ఆయిల్ కూడా ఆ ఫ్యూయల్‌లోనే కలిసి ఉంటుంది. అంటే ఫ్యూయల్ తగ్గితే లూబ్రికేషన్ కూడా తగ్గినట్టే. ఇంజిన్ వేడెక్కి పిస్టన్, స్లీవ్ అరిగిపోతాయి.

అలాగని ఫిల్టర్‌ని ఎక్కడో వేలాడదీయకండి. ట్యాంక్‌కీ కార్బురేటర్‌కీ మధ్యే పెట్టాలి, ఎగ్జాస్ట్ నుంచి ట్యాంక్‌కి వచ్చే ప్రెషర్ పైపులో కాదు. బాణం గుర్తుంటే అది కార్బురేటర్ వైపు చూడాలి. వేడి హెడ్‌కీ, తిరిగే ఫ్లైవీల్‌కీ తగలకుండా జిప్ టైతో కట్టండి. పైపు మాత్రం నొక్కుకుపోకూడదు. ఫిల్టర్ మూత వదులైతే ఫ్యూయల్ కారుతుంది, గాలి బుడగలు చేరతాయి, మళ్లీ అదే లీన్ సమస్య.

అందుకే నా మాట ఒక్కటే: వదులుగా పెట్టిన ఫిల్టర్ కంటే అసలు లేకపోవడమే నయం!