ముందు డబ్బు, తరువాత పాట

క్రీడాభిరామంలో గోవింద మంచనశర్మా టిట్టిభసెట్టీ ఓరుగల్లు వీధులన్నీ చుట్టబెడతారు. ఆ తిరుగుడులో వచ్చే పూటకూళ్ళ పద్యం తెలుగువాళ్ళకు బాగా గుర్తుండిపోయింది. లక్ష్మణవజ్ఝల ఇంట్లో ఒక్క రూకకు మేలురకం బియ్యపు అన్నం, గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకోడానికి నాలుగైదు రకాలు, గడ్డపెరుగు. వినుకొండను ఇంటిపేరుగా మోసిన వల్లభరాయుడి కావ్యం ఇది (శ్రీనాథుడిదే అనేవాళ్ళ వాదం వాళ్ళది, ఆ తగాదా ఇక్కడ వద్దు). ఇచ్చింది ఎంతో, పుచ్చుకున్నది ఏమిటో 600 ఏళ్ళ కిందటి కవి పైసా తేడా లేకుండా రాసిపెట్టాడు. అదే కావ్యంలో ఒకామె వాద్యం మోగిస్తూ పల్నాటి వీరుల కథను ద్విపదలో పాడుతుంది, ఒక్కో అక్షరానికీ కుర్రవాళ్ళు కేకలేస్తూ తూలిపోతారు. అన్నం పద్యంలో రూక ఉంది. పాట పద్యంలో లేదు.

ఉండనక్కర్లేదు కూడా. పల్నాడులో పాటకు డబ్బు చేరే వరస మొన్నమొన్నటిదాకా వేరుగా ఉండేది. కారెంపూడిలో కార్తీక అమావాస్యకు మొదలై అయిదు రోజులు సాగే వీరుల తిరనాళ్ళలో వీరవిద్యావంతులు కథ పాడితే టికెట్టు తీసుకుని వినేవాళ్ళు ఎవరూ లేరు. ఇక నాటకం సంగతి. వినుకొండ చుట్టుపక్కల ఏ ఊళ్ళో సత్యహరిశ్చంద్ర పెట్టినా తెల్లవారుజామున కాటి సీను వచ్చేదాకా జనం చాపలమీంచి లేవరు. హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకుంటాడు, చివర రాగంలోకి వెళ్తాడు, ఆ రాగాన్ని కాసేపు హార్మోనిస్టుకు అప్పగించి మళ్ళీ లాక్కుంటాడు, ఎక్కడ దించుతాడో ఎవరికీ తెలియదు. దించగానే వన్స్ మోర్. ఎవరో ఒకాయన తూలుతూ స్టేజీ ఎక్కి భుజంమీది గొంగడికి పిన్నీసుతో పది రూపాయల నోటు గుచ్చుతాడు. ఫలానా ఊరి ఫలానా వారు పది రూపాయలు చదివించారని మైకులో వినిపిస్తుంది. పద్యం తేలిపోతే నోటు రాదు, జనం బీడీలు ముట్టించుకోడానికి లేస్తారు. నాటక సమాజంవాళ్ళూ ఊరి కమిటీ ముందే మాట్లాడుకున్న సొమ్ము ఎటూ ఉంటుంది, కానీ ఆ పద్యానికి విలువ కట్టేది మాత్రం ఆ నోటే. విన్నాక ఇచ్చే డబ్బు అది. ఇవ్వకపోయినా అడిగేవాడు లేడు.

ఈ వరసను తిరగేసింది గ్రామఫోను ప్లేటు. ముందు డబ్బు, తరువాత పాట. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాడినప్పుడు, మూడు నిమిషాల పాట ముగియగానే తన పేరు తానే ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. జర్మనీలో హానోవర్ ఫ్యాక్టరీలో ప్లేట్లు అచ్చువేసేవాళ్ళకు ఏది ఎవరిదో తెలియాలని ఆ ఏర్పాటు అంటారు. కారణం ఏదైతేనేం, కొన్నవాడికి అంతకన్నా గట్టి రసీదు లేదు. పాట నచ్చకపోవచ్చు, పాడింది ఎవరన్న దాంట్లో మాత్రం మోసం లేదు. ఆ తరువాత కూడా 78 ఆర్‌పీఎం ప్లేటుకు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకే పట్టేది. స్టేజీమీద పావుగంట నడిచే పద్యం ప్లేటుమీద పరుగెత్తాల్సి వచ్చింది. నాటకాల ప్లేట్లు సెట్లు సెట్లుగా కొన్న పాతతరం వాళ్ళు చెప్పుకున్న మొదటి నిరాశ ఇదే. నటుడు అతనే, గొంతు అతనిదే, రాగానికి మాత్రం చోటు లేదు.

క్యాసెట్టు వచ్చాక చోటు దొరికింది. 60 నిమిషాలు, 90 నిమిషాలు. నిరాశలు కూడా అందుకు తగ్గట్టే పెరిగాయి. 1980ల చివర్లో, 90లలో ఒక పాటల క్యాసెట్టు పాతికో ముప్పయ్యో ఉండేది. పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం, దాన్ని చింపితే సరుకు మీదే. తిరిగి తీసుకోవడం అన్నది షాపులో లేదు. రేడియోలో విన్న ఒక్క పాట కోసం కొంటే మిగతా అయిదు పాటలు ఆ ఒక్కదానికి కాపలా కాస్తున్నట్టు ఉండేవి. ఎ వైపు పేరున్న సినిమా, బి వైపు ఎవరూ చూడని సినిమా కలిపి అమ్మినవీ ఉన్నాయి. వీటి గురించి ఎక్కువ చెప్పను, కొన్నవాళ్ళందరి ఇళ్ళల్లోనూ ఒకటో రెండో ఉండే ఉంటాయి. చెడ్డ పాట అన్నది అభిప్రాయం, దానిమీద ఎవరితోనూ పేచీ పెట్టుకోలేం.

పేచీ పెట్టుకోవలసింది వేరేదానితో. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయారు. టేపు రికార్డర్లు పల్లెలకు చేరేనాటికి ఆయన లేరు, ఆయన పాట కావలసినవాళ్ళు మాత్రం లక్షల్లో ఉన్నారు. పాత సినిమా రికార్డింగుల హక్కులు చాలావరకు గ్రామఫోన్ కంపెనీ చేతిలో. మిగతా కంపెనీలు ఆ గిరాకీని ఊరికే చూస్తూ కూర్చోలేదు. అవే పాటలను మరొకరితో పాడించి, కొత్త వాద్యాలతో మళ్ళీ రికార్డు చేసి బజారులోకి వదిలాయి. అట్టమీద ఘంటసాల బొమ్మ, పెద్ద అక్షరాల్లో ఘంటసాల పాటలు అని. పాడినవారి పేరు లోపలి మడతలో, భూతద్దం పెట్టుకుని వెతికితే. నేనూ అలాంటిది ఒకటి కొన్నాను. పాడినాయన తక్కువవాడేం కాదు, శ్రుతిలో ఉన్నాడు, మాట స్పష్టంగా ఉంది. తన పేరుతో అమ్మి ఉంటే ఇంకో రెండు సార్లు వినేవాణ్ణేమో. మరొకరి బొమ్మ వెనక నిలబెట్టేసరికి ఆయన పాడిన ప్రతి గమకమూ తప్పులాగే వినిపించింది. కొన్నవాణ్ణే కాదు, పాడినవాణ్ణి కూడా ఆ అట్ట నష్టపరిచింది.

ఇది చట్టానికి తెలియని సంగతి కాదు. ఒకసారి రికార్డయిన పాటను కొంత గడువు దాటాక, హక్కుదారుకు నోటీసు ఇచ్చి, రాయల్టీ కట్టి మళ్ళీ పాడించుకోవచ్చని మన కాపీరైటు చట్టం 52వ సెక్షను చెప్పింది. గుల్షన్ కుమార్ టీ-సిరీస్ ఉత్తరాదిలో రఫీ, కిశోర్, లతా పాటలతో పెద్ద సామ్రాజ్యం కట్టింది ఈ వెసులుబాటు మీదే. జనాన్ని పొరబాటు పడేలా చేసే అట్టతో అమ్మకూడదని 1994 సవరణ ఒక షరతు పెట్టింది. 2012 సవరణ ఇంకో అడుగు ముందుకు వేసి, 31సి అని కొత్త సెక్షను తెచ్చి, మొదటి గాయకుడి పేరుగానీ బొమ్మగానీ అట్టమీద ఉండరాదనీ, ఇది కవర్ వెర్షన్ అని రాసి తీరాలనీ ఖాయం చేసింది. మంచి చట్టమే. అప్పటికి క్యాసెట్టు కొనే మనిషి లేడు, అంతే.

మిల్లీ వనిల్లీ అనే జంట కథ ఇంకా గట్టిది. ఆల్బమ్ అట్టమీద ఉన్న ఇద్దరూ అందులో ఒక్క మాట కూడా పాడలేదని 1990లో బయటపడింది. ఇచ్చిన గ్రామీ అవార్డును వెనక్కి తీసుకున్నారు. కొన్నవాళ్ళు అమెరికాలో కోర్టుకు వెళ్తే, డబ్బు కొంత వెనక్కి ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. మనకూ 1986 నుంచి వినియోగదారుల చట్టం ఉంది. ముప్పై రూపాయల క్యాసెట్టు కోసం వినుకొండ నుంచి గుంటూరు ఫోరానికి వెళ్తే రానూపోనూ చార్జీలు అంతకన్నా ఎక్కువ అవుతాయన్న లెక్క మనవాళ్ళకు బాగా తెలుసు కనుక, ఎవరూ వెళ్ళినట్టు లేరు.

కోర్టుకు వెళ్ళకుండా ఊళ్ళు కనిపెట్టుకున్న మందు రికార్డింగ్ షాపు. తెల్లకాగితం మీద పాటల జాబితా రాసి, టీడీకేనో సోనీనో ఖాళీ క్యాసెట్టు ఇస్తే రెండు రోజుల్లో నింపి ఇచ్చేవాడు. చట్టం కళ్ళతో చూస్తే అది దొంగతనమే, దాన్ని పుణ్యం చేయను. కానీ ఎందుకంత నడిచిందో చూడాలి. కావలసింది ముందే విని ఉన్నాం, కావలసినదానికే డబ్బు ఇచ్చాం. తిరనాళ్ళ వరస దొడ్డిదారిన మళ్ళీ వచ్చింది. పైగా ఆ షాపువాడే మన విమర్శకుడు. కొత్త క్యాసెట్టు చేతిలో పట్టుకుని అడిగితే, “ఒకటే పాటండీ, మిగతాదంతా దండగ” అని మొహమాటం లేకుండా చెప్పేవాడు. సాహిత్య పత్రికలు ఆ పని చేశాయా? చేయలేదు. సినిమా పత్రికల్లో పాటల గురించి వచ్చిందంతా విడుదల ఉత్సవాల ఫోటోలు. పుస్తకాలకు సమీక్షలు రాసుకున్నాం, అదీ సగం మొహమాటంతో. జనం పుస్తకం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ డబ్బు పెట్టిన వస్తువును మాత్రం కన్నెత్తి చూడలేదు.

చూసి ఉంటే వినుకొండవాళ్ళకు తప్పకుండా తగలాల్సిన ఒక లోటు తగిలేది. కాటి సీను పద్యాల క్యాసెట్లు రాయలసీమ నుంచి శ్రీకాకుళం దాకా ఆడాయి. నటుడు డి.వి. సుబ్బారావు గొంతులో ఆ పద్యాలు వినని ఊరు కోస్తాలో అరుదు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంత కవిది. అందులో జనం చెవి కోసుకునే శ్మశానం పద్యాలు కొన్ని మాత్రం ఆయనవి కావు. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా ‘శ్మశానవాటి’ ఖండికలోవి. నటులు ఇష్టపడి నాటకంలోకి తెచ్చుకున్నారు, అవి అక్కడ అతుక్కుపోయాయి. నేను చూసిన క్యాసెట్టు అట్టలమీద నటుడి బొమ్మ ఉంది, నాటకం పేరు ఉంది, కంపెనీ పేరు మూడు చోట్ల ఉంది. జాషువా పేరు లేదు. ఆయన పుట్టిన ఊరి బజారులో, ఆయన పద్యాన్నే, ఆయనదని తెలియకుండా డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్ళు ఎందరో.

ఆ క్యాసెట్టులో గొంతు గురించి ఫిర్యాదు లేదు, పద్యం నిండుగా ఉంటుంది. అయినా రెండోసారి విన్నప్పుడు ఏదో వెలితి. వన్స్ మోర్ అన్నప్పుడు నటుడు అదే పద్యాన్ని మరో దారిలో నడిపేవాడు, ఈసారి రాగం ఇంకో మలుపు దగ్గర ఆగేది. రివైండ్ చేస్తే వచ్చేది నిన్న రాత్రి వచ్చిందే. అది కంపెనీ తప్పు కాదు, యంత్రం ఇవ్వగలిగింది అంతే. పేరు వేయకపోవడం మాత్రం యంత్రం చేసిన పని కాదు.

జాషువా 1932లో ‘ఫిరదౌసి’ రాశాడు. పద్యానికో బంగారు నాణెం ఇస్తానన్న సుల్తాను కావ్యం పూర్తయ్యాక వెండి చేతిలో పెట్టిన కథ. అందులో మాట తప్పింది కొన్నవాడు, మోసపోయింది కవి. క్యాసెట్ల కాలంలో కొన్నవాడూ మోసపోయాడు, కవీ మోసపోయాడు. మధ్యలోవాడికి మాత్రం బంగారమే ముట్టింది.

ఇప్పుడు ఫోనులో కాటి సీను పద్యాలు ఎన్ని కావాలంటే అన్ని. ఎవరూ ఏమీ కొనడం లేదు కనుక ఎవరికీ నిరాశ లేదు, నచ్చకపోతే వేలితో ఒక తోపు. అయితే కొత్తగా పెట్టిన వీడియోల కింద కూడా చానెలు పేరు, నటుడి పేరు, ఏ ఊరి తిరనాళ్ళో, అన్నీ రాస్తున్నారు. పద్యం ఎవరిదో రాసినవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. పాత అట్ట మీది తప్పును అట్ట లేకుండానే కొనసాగిస్తున్నాం.

వచ్చే సంచిక నుంచి ఈ పత్రికలో పాటకూ పద్యానికీ ఒక పేజీ కేటాయిస్తున్నాం. కొత్తగా వచ్చేవాటిని విని, బాగుంటే బాగుందనీ దండగైతే దండగనీ రాస్తాం. ఇంకొక పని పాఠకులు చేయాలి. వినుకొండ, నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు ఇళ్ళల్లో అటకలమీద పడి ఉన్న పద్యనాటకాల క్యాసెట్లు, ప్లేట్లు దింపి, వాటి అట్టలు రెండు వైపులా ఫోటో తీసి పంపండి. లోపలి మడత కూడా విప్పి తీయండి, పేర్లు ఉంటే అక్కడే ఉంటాయి. జాషువా పేరు అచ్చయిన అట్ట ఒక్కటి దొరికినా దాన్ని ముఖచిత్రంగా వేస్తాం, పంపినవారి పేరుతో సహా.