కుర్చీలు పెరిగితే ఎవరికి లాభం?

2016 ఫిబ్రవరి 6, శనివారం. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరం, యాన్‌ఫీల్డ్ స్టేడియం. సండర్లాండ్ మీద లివర్‌పూల్ జట్టు 2-0 ఆధిక్యంలో ఉంది. సొంత మైదానం, గెలుపు చేతికందినట్టే. అలాంటప్పుడు ఏ అభిమానైనా కుర్చీలోంచి కదులుతాడా? కదిలారు. గడియారం 77వ నిమిషం చూపించేసరికి జనం లేచారు. ఒకరూ ఇద్దరూ కాదు, సుమారు పదివేల మంది! మైదానానికి వీపు చూపించి బయటికి నడిచారు. ఆ తర్వాత మిగిలిన కాసేపట్లో సండర్లాండ్ రెండు గోల్స్ కొట్టేసింది. మ్యాచ్ 2-2 డ్రా. కోచ్ యుర్గెన్ క్లాప్ అప్పటికి అపెండిసైటిస్ ఆపరేషన్‌తో మైదానానికి దూరంగా ఉన్నాడు. ఆ దృశ్యం దగ్గరుండి చూసే బాధ ఆయనకి తప్పింది.

77వ నిమిషమే ఎందుకంటే, గొడవంతా 77 పౌండ్ల గురించి. స్టేడియంలో ఒకవైపు కొత్త స్టాండు లేస్తోంది. అది పూర్తయ్యాక వచ్చే సీజన్లో ఖరీదైన టికెట్టు ధర 59 పౌండ్ల నుంచి 77కి పెంచుతామని యజమానులు ప్రకటించారు. అప్పటి మారకం ప్రకారం మన డబ్బుల్లో ఏడున్నర వేలు. తొమ్మిది పౌండ్ల టికెట్లు కూడా పెడుతున్నాం కదా అని వాళ్ళు చెప్పి చూశారు. వినేవాడెవడు? నాలుగు రోజులు తిరక్కుండానే అమెరికాలో ఉన్న యజమానులు అభిమానులకు క్షమాపణలు చెబుతూ ఉత్తరం రాశారు. 77 పౌండ్ల టికెట్టు రద్దయింది. రెండు సీజన్ల పాటు ధరలు పెంచమని మాటిచ్చారు.

స్టేడియం పెద్దది చేస్తున్నారంటే అభిమానులు సంబరపడాలి కదా, ఇదేం తలనొప్పి అనిపిస్తుంది. మన దగ్గర ఈ లెక్క ఎవరికీ పెద్దగా పట్టదు. స్టేడియమంటే సర్కారు కట్టేది. హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియం 2002 జాతీయ క్రీడల కోసం ప్రభుత్వం కట్టిందే. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టినప్పుడు అక్కడికే వెళ్ళి ఆడింది. ఇంగ్లండ్‌లో అలా కాదు. చాలా పెద్ద క్లబ్బులకి మైదానం సొంతిల్లు. ఇంటిమీద ఇంకో అంతస్తు వేస్తే అప్పెంత, అద్దె ఎంత వస్తుంది, పక్కింటివాడు ఏమంటాడు... అన్నీ క్లబ్బే చూసుకోవాలి.

యాన్‌ఫీల్డ్ విషయంలో పక్కింటివాళ్ళ కథే అన్నిటికన్నా పెద్దది.

ఈ స్టేడియం ఊరవతల ఖాళీ స్థలంలో లేదు. ఒకదానికొకటి ఆనుకుని కట్టిన కార్మికుల ఇళ్ళ వీధుల మధ్య ఇరుక్కుని ఉంది. 1970లూ 80లలో ఒకవైపు స్టాండు పెంచుదామని క్లబ్బు కెమ్లిన్ రోడ్డులో ఇళ్ళు కొనడం మొదలుపెట్టింది. అందరూ అమ్మారు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు మాత్రం ససేమిరా అన్నారు. చుట్టూ ఇళ్ళు కూలిపోయాయి, వాళ్ళు కదల్లేదు. ప్రపంచ ప్రసిద్ధి పొందిన క్లబ్బు ఒక చిన్న ఇంటి గడప దగ్గర ఏళ్ళ తరబడి ఆగిపోయింది. చివరికి 1990లో వాళ్ళు ఇల్లు వదిలారు, 1992లో స్టాండు తయారైంది.

ఈ అనుభవం నుంచి క్లబ్బు నేర్చుకున్నది మంచి పాఠమేమీ కాదు. ఈసారి ముందుగా చెప్పకూడదని నేర్చుకుంది. 1990ల మధ్య నుంచి మెయిన్ స్టాండు వెనకనున్న లోథెయిర్ రోడ్డులో ఒక్కొక్క ఇల్లే చడీచప్పుడు లేకుండా కొంటూ పోయింది. కొన్నవాటిలో చాలా ఇళ్ళకు రేకులు కొట్టి అలాగే పాడుపెట్టింది. వీధిలో నాలుగు ఇళ్ళు పాడుబడితే అయిదో ఇంటి ధర ఏమవుతుందో ఎవరికైనా తెలిసిందే. దొంగలు, నిప్పులు, ఎలుకలు. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు అమ్ముకోలేక, ఉండలేక ఏళ్ళు గడిపారు. 2013లో పత్రికలు ఈ సంగతి వివరంగా రాసేదాకా బయటి ప్రపంచానికి యాన్‌ఫీల్డ్ అంటే ఎర్ర జెండాలూ, పాటలే.

క్లబ్బు ఆ ఇళ్ళు కొని వెంటనే స్టాండు కట్టినా ఒక అర్థం ఉండేది. అదీ లేదు. మధ్యలో కొత్త స్టేడియం మోజు పుట్టింది. కాస్త అవతల స్టాన్లీ పార్కులో 60 వేల కుర్చీలతో కొత్తది కట్టాలని 2000ల తొలినాళ్ళలో పథకం వేశారు. 2007లో క్లబ్బును కొన్న ఇద్దరు అమెరికన్లు అరవై రోజుల్లో పార పడుతుందన్నారు. పార పడలేదు. నమూనాలకీ, సలహాదారులకీ కోట్ల పౌండ్లు పోయాయి. అప్పుల్లో మునిగిన క్లబ్బు 2010లో కోర్టు గొడవల మధ్య 30 కోట్ల పౌండ్లకు చేతులు మారింది. ఉన్నచోటే పెంచుదామని కొత్త యజమానులు తేల్చింది 2012లో. అంతకాలమూ లోథెయిర్ రోడ్డు అలాగే పడివుంది.

ఆ నిర్ణయం మాత్రం తెలివైనదే. అప్పటికి యాన్‌ఫీల్డ్‌లో 45 వేల పైచిలుకు కుర్చీలు. పాత స్టాండును వాడుకుంటూనే దాని వెనకా, పైనా కొత్తది లేపారు. 650 టన్నుల ఉక్కు దూలం పైకప్పుకెక్కించారు. సీజన్ జరుగుతుండగా పాత కుర్చీలు పోలేదు, ఆ ఆదాయమూ ఆగలేదు. 2016 సెప్టెంబరుకి 8,500 కుర్చీలు పెరిగి సంఖ్య 54 వేలు దాటింది. ఖర్చు 11 కోట్ల పౌండ్లకు పైనే.

మరి గిట్టుబాటైందా? 2015-16లో మ్యాచ్ రోజుల ఆదాయం 6.2 కోట్ల పౌండ్లు. కొత్త స్టాండుతో మరుసటి ఏడాది 7.4 కోట్లు. ఆ ఏడాది యూరప్ పోటీలకు జట్టు అర్హత సాధించలేదు కాబట్టి సొంతగడ్డ మీద మ్యాచ్‌లు తగ్గాయి కూడా. అయినా 1.2 కోట్లు అదనం. వడ్డీ పక్కన పెడితే తొమ్మిది పదేళ్ళలో పెట్టుబడి తిరిగొస్తుంది. ఇల్లు కట్టి అద్దెకిచ్చేవాడికి ఇంతకన్నా మంచి లెక్క దొరకదు!

కానీ ఇదే డబ్బును ఆటవైపు నుంచి చూస్తే చిన్నదిగా కనిపిస్తుంది. అదే 2016-17లో టీవీ ప్రసారాల ద్వారా వచ్చింది 15.4 కోట్లు, అంటే గేటు వసూళ్ళకు రెట్టింపు. 2018 జనవరిలో వాన్ డైక్ అనే ఒక్క డిఫెండర్‌ని కొనడానికి క్లబ్బు 7.5 కోట్లు పెట్టింది. ఆరేళ్ళ పాటు వచ్చే అదనపు వసూళ్ళన్నీ కలిస్తే ఒక డిఫెండర్ అన్నమాట. స్టాండు కట్టగానే కప్పులు వచ్చిపడతాయని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు. లండన్‌లో ఆర్సెనల్ క్లబ్బు 38 వేల మంది పట్టే హైబరీని వదిలేసి, 39 కోట్ల పౌండ్లతో 60 వేల కుర్చీల కొత్త స్టేడియానికి 2006లో మారింది. ఆ అప్పు తీరుస్తూ మంచి ఆటగాళ్ళను అమ్ముకుంది. 2005లో కప్పు గెలిచిన జట్టు మళ్ళీ కప్పు ముఖం చూసింది 2014లో.

అసలు జనమే లేకుండా కుర్చీలు పెంచినవాళ్ళు కూడా ఉన్నారు. ఇంగ్లండ్ ఉత్తరాన డార్లింగ్టన్ అనే ఊరు. జనాభా లక్ష. కిందిస్థాయి లీగులో ఆడే ఆ ఊరి క్లబ్బుకి యజమాని 25 వేల కుర్చీల స్టేడియం కట్టించాడు. 2003 ఆగస్టులో తొలి మ్యాచ్‌కి 11 వేల మంది వచ్చారు. ఆ సంఖ్యే గొప్ప. ఏడాది తిరక్కుండానే, డిసెంబరుకల్లా క్లబ్బు దివాలా అంచుకు చేరింది. 2012లో మూడోసారి మునిగి, ఆ మైదానం వదిలి కొత్త పేరుతో అడుగునుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ స్టేడియం తర్వాత రగ్బీవాళ్ళ చేతికి వెళ్ళింది. పెళ్ళికి వెయ్యిమందికి వండి వందమంది వస్తే ఎలా ఉంటుందో అలా!

లివర్‌పూల్‌కి ఆ భయం లేదు. సీజన్ టికెట్టు కోసం పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసే కుటుంబాలున్న క్లబ్బు అది. కాబట్టి 2021లో రెండోవైపు పని మొదలుపెట్టింది. యాన్‌ఫీల్డ్ రోడ్ స్టాండులో 8 కోట్ల పౌండ్లతో 7,000 కుర్చీలు. మధ్యలో నిర్మాణ సంస్థ దివాలా తీయడంతో ఆలస్యమైనా, 2024 ఫిబ్రవరి 10న బర్న్‌లీతో మ్యాచ్‌కి 59,896 మంది వచ్చారు. 2023-24లో మ్యాచ్ రోజుల ఆదాయం మొదటిసారి పది కోట్లు దాటింది.

అయితే ఆ డబ్బంతా కొత్తగా సీటు దొరికిన సామాన్యుడు ఇచ్చింది కాదు. ఆటకు ముందు భోజనం, మెత్తటి కుర్చీ, కంపెనీల అతిథులు... హాస్పిటాలిటీ టికెట్లని వీటిని పిలుస్తారు. ఒక్కొక్కటి మామూలు టికెట్టుకి ఎన్నో రెట్లు. స్టాండుకి పెట్టిన ఖర్చు రాబట్టేవి ఇవే. కొత్త 7,000 కుర్చీల్లో ఇవి 1,800. మిగతా 5,200 మామూలు జనానికి. నిజం చెప్పాలంటే ఈ పాళ్ళు అంత అన్యాయమేమీ కాదు. 77వ నిమిషంలో నడిచి వెళ్ళిన పదివేల మంది లేకపోతే ఇలా ఉండేదా అన్నది అనుమానమే. స్టేడియం పెంచడం వాళ్ళకి అభ్యంతరం కాదు. పెంచిన దానిలో తమకు చోటుండదేమోనన్నదే భయం. ఆ భయాన్ని గెలుస్తున్న మ్యాచ్ పణంగా పెట్టి చెప్పారు.

ఇన్ని కోట్లు పోశాక యాన్‌ఫీల్డ్‌లో పట్టే జనం 61 వేల పైచిలుకు. 1952లో వుల్వర్‌హాంప్టన్‌తో కప్పు మ్యాచ్ చూడటానికి ఇదే మైదానంలో చేరినవాళ్ళు 61,905 మంది! పాత రికార్డుకి కొత్త స్టేడియం ఇంకా కొన్ని వందలు తక్కువే. అప్పట్లో ఎక్కువమంది నిలబడి చూసేవారు. 1989లో షెఫీల్డ్ నగరంలోని హిల్స్‌బరో మైదానంలో తొక్కిసలాట జరిగి లివర్‌పూల్ అభిమానులు 97 మంది ప్రాణాలు కోల్పోయాక, పెద్ద క్లబ్బుల మైదానాల్లో అందరికీ కుర్చీలుండాలన్న నిబంధన వచ్చింది. పోయిన చోటును తిరిగి సంపాదించుకోవడానికే ఈ పెంపకమంతా.

ఏడాదిలో పాతిక ముప్ఫై రోజులు ఆట. మిగతా రోజుల్లో కుర్చీలు ఖాళీ. అందుకే ఏటా ఆరు దాకా సంగీత కచేరీలకు కూడా అనుమతి తెచ్చుకున్నారు. 2024 జూన్‌లో టేలర్ స్విఫ్ట్ మూడు రాత్రులు పాడింది. టికెట్టు లేకపోయినా చుట్టుపక్కల వీధులవాళ్ళు ఇంట్లో కూర్చునే వినివుంటారు, ఇష్టం ఉన్నా లేకపోయినా. లోథెయిర్ రోడ్డు ఇళ్ళున్న చోట ఇప్పుడు మెయిన్ స్టాండు, దాని ముందు విశాలమైన రాతి ఆవరణ. మ్యాచ్ రోజున అభిమానులు అక్కడ నిలబడి, వెనకాల స్టాండు మొత్తం వచ్చేలా ఫొటోలు దిగుతుంటారు.