జారిపడ్డానంటే నమ్మేశారా?
ఒకటో తారీఖు వస్తే గుంటూరు దగ్గర మా ఊళ్లో పెద్దవాళ్లకి పండగే. 4,000 రూపాయల పింఛను చేతికొస్తుంది. పక్కింటి మామ్మకి మాత్రం ఆ రోజంటే భయం. మొన్న సెలవుకి వెళ్తే మోచేయి కమిలిపోయి కనిపించింది. "బాత్రూంలో జారిపడ్డా బాబూ" అంది. కొడుకు మందు కోసం పింఛను లాక్కున్నాడని తర్వాత అమ్మ చెప్పింది.

మామ్మ నోరు విప్పదు. వాణ్ణి పోలీసులు పట్టుకెళ్తారని దిగులు. తాగొచ్చి కొట్టేవాడు ఆమె పింఛను మీదే బతుకుతాడు, ఆమే వాణ్ణి కాపాడుతుంది.

పెద్దల సాయానికి 14567, మత్తు మాన్పించడానికి 14446. రెండూ ఆమె ఫోన్లో సేవ్ చేశా. "జైలుకి పంపడానికి కాదు మామ్మా, వాడి చేత తాగుడు మాన్పించడానికి" అన్నా. అప్పుడే ఏడ్చింది.

మీకు తెలిసిన పెద్దవాళ్లెవరైనా "జారిపడ్డా" అంటే, ఇంకో ప్రశ్న అడగండి.