ధ్యానానికి టైం లేదా? చంటిపిల్ల ఉందిగా!

మన ఐటీ జనాలకి ధ్యానం పిచ్చి బాగానే పట్టుకుంది. వీకెండ్ క్యాంపులు, ఫోన్లో యాప్‌లు, ఆఫీసులో మైండ్‌ఫుల్‌నెస్ సెషన్లు. మంచిదే, కాదన్ను. కానీ ఉప్పల్లోనో నాచారంలోనో ఇంట్లో చంటిబిడ్డ ఒళ్ళో ఉండగా ఒంటిచేత్తో మెయిళ్ళు చూసుకునే నాన్న, ఆదివారం ప్రశాంతత కోసం ఊరవతలికి పరిగెత్తడం ఏమిటండీ?

"పసిదానికేం తెలుస్తుంది" అంటారా? పుట్టిన కొత్తలో బిడ్డకి కాస్త స్పష్టంగా కనిపించేది 20-30 సెంటీమీటర్ల దూరమే. అంటే ఒళ్ళో పడుకుంటే మన మొహం ఉండేంత దూరం. 1970ల్లో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఒక ప్రయోగం చేశాడు. తల్లి కాసేపు బిడ్డని ఆడించి, తర్వాత కొద్ది నిమిషాలు ఏ భావమూ లేకుండా చూస్తూ కూర్చోవాలి. బిడ్డలు నవ్వి చూశారు, చేతులు చాపారు, చివరికి మొహం తిప్పేసుకున్నారు. అమ్మ ఎదురుగానే ఉంది, అయినా లేదు!

ఇది మన పెద్దలకీ తెలుసు. ఉప్పల్ నుంచి వరంగల్ బస్సెక్కితే దారిలో జనగామ వస్తుంది. ఆ జిల్లాలోదే పోతన గారి బమ్మెర. ఆయన భాగవతంలో పాలు పొంగుతున్నాయని యశోద ఒళ్ళో కృష్ణుణ్ణి దించేసి పరిగెడుతుంది. పిల్లాడు కుండ బద్దలు కొడతాడు. అంతకుముందే ఆ నోట్లో లోకాలన్నీ చూసిన తల్లి ఆవిడ! మనకైతే పాలు రోజంతా పొంగుతూనే ఉంటాయి, నోటిఫికేషన్ల రూపంలో.

"రాయదుర్గం నుంచి మెట్రోలో ఉప్పల్ చేరేసరికే ప్రాణం పోతోంది, ఇంకా ధ్యానం కూడానా" అంటారేమో. న్యాయమే. 2017 సవరణతో తల్లికి 26 వారాల సెలవు వచ్చింది. కేంద్ర ప్రభుత్వోద్యోగి అయిన తండ్రికి 15 రోజులుంది. ప్రైవేటు కంపెనీలో తండ్రికి చట్టం ఇచ్చింది సున్నా, మిగతాది కంపెనీ దయ. సెషన్లు పెట్టించే హెచ్చార్ వాళ్ళని ముందు ఆ సెలవడగండి. మనశ్శాంతి మీద ఉపన్యాసాలు తర్వాత వినొచ్చు.

ఈలోపు రోజుకి 20 నిమిషాలు చాలు. ఫోన్ పక్కగదిలో పెట్టండి. బిడ్డ ఊ అంటే ఊ అనండి, ఫ్యాను చూస్తే మీరూ ఫ్యాను చూడండి. మనసు రేపటి రిలీజ్ మీదకి పోతే మళ్ళీ బిడ్డ దగ్గరికి తెచ్చుకోండి. క్యాంపులో శ్వాస గురించి చెప్పేదీ ఇదే కదా? ఇక్కడ ఫీజు లేదు, పైగా గురువుగారు బోసినోటితో నవ్వుతారు కూడాను.