పాత కారుకు కొత్త కాంతి.. ఎదుటివారి కళ్లకు చీకటి!

కేసముద్రం: వరి కోతలు మొదలైతే కేసముద్రం పరిసర రహదారులకు రాత్రి వేళ మరో రూపం వస్తుంది. కల్లాలు చాలక రైతులు ఆరబోసిన ధాన్యం రోడ్డులో సగభాగాన్ని ఆక్రమిస్తుంది. రాశుల అంచున కాపుగా పేర్చిన బండరాళ్లు, పైన కప్పిన నల్లటి టార్పాలిన్లు చీకట్లో కలిసిపోతాయి. వ్యవసాయ మార్కెట్‌కు ధాన్యం, మొక్కజొన్న, పసుపు, మిర్చి బస్తాలు తరలించే ట్రాక్టర్ ట్రాలీల్లో చాలావాటికి వెనుక ఎర్రదీపం వెలగదు. మహబూబాబాద్, నెక్కొండ, నెల్లికుదురు వైపు రాత్రి ప్రయాణించే వాహనదారుడికి హెడ్‌లైట్లే దిక్కు.

ఆ దిక్కే సరిగా లేనివారు పాత కార్ల యజమానులు. 2016 అక్టోబరులో మహబూబాబాద్ జిల్లా ఏర్పడకముందు, ఉమ్మడి వరంగల్ జిల్లాలో రిజిస్టరైన ‘ఏపీ 36’ నంబరు కార్లు ఇప్పటికీ ఈ ప్రాంత రోడ్లపై తిరుగుతున్నాయి. మారుతి 800 తయారీ, అంబాసిడర్ తయారీ రెండూ 2014లోనే నిలిచిపోయాయి. ఇంజిన్ ఇంకా సహకరిస్తున్నా ఈ తరం కార్ల దీపాలు మసకబారాయి. దీంతో యజమానులు వాట్లు ఎక్కువ ఉన్న హాలోజన్ బల్బులను, తెల్లటి ఎల్ఈడీలను ఆశ్రయిస్తున్నారు. పాత బల్బు తీసి కొత్తది బిగిస్తే సమస్య తీరినట్లేనని భావిస్తున్నారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతోంది.

దారిలోనే ఖర్చయ్యే కాంతి

పాత కారు దీపం మసకబారడానికి బల్బు ఒక్కటే కారణం కాదు. చాలా సందర్భాల్లో అది ప్రధాన కారణమూ కాదు. బ్యాటరీ నుంచి బయలుదేరిన విద్యుత్తు సన్నని తీగల గుండా స్టీరింగ్ వద్ద ఉన్న స్విచ్‌కు చేరి, అక్కడి నుంచి డిప్పర్ మీదుగా మళ్లీ ముందుకు వచ్చి దీపానికి అందుతుంది. ఇరవై ఏళ్లలో స్విచ్ కొనలు కాలిపోతాయి, కనెక్టర్లు చిలుము పడతాయి, ఎర్త్ తీగ బిగించిన బోల్టు తుప్పు పడుతుంది. వీటిలో ప్రతిచోటా కొంత వోల్టేజీ హరించుకుపోతుంది.

హాలోజన్ దీపం స్వభావం ఇక్కడ గమనార్హం. వోల్టేజీ 10 శాతం తగ్గితే కాంతి 10 శాతంతో సరిపెట్టుకోదు, దాదాపు 30 శాతం పడిపోతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ వద్ద 13.5 వోల్టులు ఉండి, దీపం వద్దకు 12 వోల్టులే చేరుతున్నాయనుకుంటే, ఆ కారు తనకు రావలసిన కాంతిలో మూడో వంతును తీగల్లోనే పోగొట్టుకుంటున్నట్లు లెక్క. ఇది బల్బు మార్చినంత మాత్రాన తిరిగిరాదు.

పరీక్ష కష్టమైనదేమీ కాదు. ఎలక్ట్రీషియన్ వద్ద ఉండే మల్టీమీటరు చాలు. ఇంజిన్ నడుపుతూ, దీపాలు వెలిగించి బ్యాటరీ వద్ద ఒకసారి, బల్బు సాకెట్ వద్ద మరోసారి కొలవాలి. తేడా అర వోల్టు దాటితే రిలే అమర్చడం మేలు. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా మందమైన రాగి తీగను రిలే 30వ కొనకు, 87వ కొన నుంచి దీపానికి కలుపుతారు. పాత స్విచ్ తీగ రిలేలోని చుట్టను పనిచేయించడానికి మాత్రమే ఉపయోగపడుతుంది. అంటే దీపానికి కావలసిన బరువంతా ఇకపై స్విచ్ మోయదు. లో బీమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి చొప్పున రెండు రిలేలు అవసరం. ఫ్యూజును బ్యాటరీకి సమీపంలోనే పెట్టించుకోవాలి. దూరంగా పెడితే, బ్యాటరీకి దానికి మధ్య తీగ ఎక్కడైనా రాపిడికి గురై బాడీకి తగిలినప్పుడు మంటలు ఆపే అడ్డుకట్ట ఉండదు. ఫ్యూజే పెట్టకుండా రిలే ముగించే పనివారూ లేకపోలేదు. యజమాని దగ్గరుండి చూసుకోవాలి.

మిగిలిన నష్టం అద్దంలో, రిఫ్లెక్టరులో ఉంటుంది. ప్లాస్టిక్ అద్దం ఎండకు పసుపుబారితే నీటి ఎమిరీ కాగితంతో రుద్ది, పైన రక్షణ పూత వేయిస్తే కొంతకాలం నిలుస్తుంది. పూత లేకుండా రుద్ది వదిలేస్తే కొద్ది నెలల్లోనే మళ్లీ మసకబారుతుంది. లోపలి వెండి పూత రాలిన రిఫ్లెక్టరుకు మాత్రం వైద్యం లేదు. హెడ్‌లైట్ డబ్బానే మార్చాలి. మార్చేటప్పుడు అది మన దేశం కోసం చేసినదేనా అన్నది ముఖ్యం. ఎడమవైపు నడిచే దేశాలకు చేసిన హెడ్‌లైట్ ఎడమ అంచును కాస్త ఎత్తుగా చూపుతుంది. కుడివైపు నడిచే దేశాలకు చేసినది ఎదుటి డ్రైవరు కళ్లవైపే ఎత్తుతుంది.

వాట్లు పెరిగితే..

పాత కార్లలో సాధారణంగా ఉండే హెచ్4 బల్బు 60/55 వాట్లది. దీనికి బదులు 100/90, 130/100 వాట్ల బల్బులు దుకాణాల్లో దొరుకుతాయి. 60 వాట్ల బల్బు సుమారు 5 ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటే 130 వాట్లది దాదాపు 11 ఆంపియర్లు లాగుతుంది. రెండు దీపాలకు 22 ఆంపియర్లు. పాత తీగలకు, స్విచ్‌కు ఇది మోయలేని భారం. సాకెట్ ప్లాస్టిక్ కరగడం, రిఫ్లెక్టరు పూత మాడిపోవడం తరచూ దీని ఫలితాలే.

ఎల్ఈడీల కథ వేరు. అవి తక్కువ విద్యుత్తుతో ఎక్కువ కాంతినిస్తాయి. అయితే హాలోజన్ రిఫ్లెక్టరును ఒక నిర్దిష్ట బిందువు వద్ద ఉండే సన్నని ఫిలమెంటును దృష్టిలో ఉంచుకుని మలుస్తారు. హెచ్4 బల్బులో లో బీమ్ ఫిలమెంటు కింద ఉండే చిన్న లోహపు దోనె, కాంతి పైకి చెదరకుండా కత్తిరిస్తుంది. ఎల్ఈడీ చిప్పులు ఆ స్థానంలో, ఆ ఆకారంలో లేకపోతే వెలుగు రోడ్డుపై కాక చెట్లపైకి, ఎదుటివారి ముఖంపైకి చిమ్ముతుంది. కారు ముందు నాలుగడుగులు తెల్లగా మెరవడం చూసి యజమాని సంతోషిస్తాడు. దూరాన ఉన్న ధాన్యం రాశిపై పడాల్సిన వెలుగు మాత్రం తగ్గుతుంది.

జర్మనీ ఇలాంటి ఎల్ఈడీ బల్బులను 2020లో తొలిసారి అనుమతించింది. అదీ అన్ని కార్లకు కాదు. ఏ బల్బు ఏ మోడల్ హెడ్‌లైట్‌లో పరీక్షకు నిలిచిందో, ఆ మోడల్‌కే. బల్బును విడిగా కాక, బల్బునూ డబ్బానూ కలిపి చూడాలన్నదే అందులోని సూత్రం.

మూడు సెకన్లు.. 50 మీటర్లు

ఎదురుగా వచ్చే ద్విచక్ర వాహనదారుడి వైపు నుంచి చూస్తే విషయం తీవ్రత బోధపడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వ్యక్తి మూడు సెకన్లలో 50 మీటర్లు సాగిపోతాడు. కళ్లు చెదిరిన ఆ మూడు సెకన్లలో ఎదుట బండరాయి ఉన్నా, దీపం లేని ట్రాలీ ఉన్నా అతడికి తెలియదు. వయసు మీరినవారికి చూపు కుదుటపడటానికి ఇంకాస్త సమయం పడుతుంది.

చట్టం ఈ విషయంలో అస్పష్టంగా లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు-1989లోని 106వ నిబంధన ప్రకారం, దీపానికి 8 మీటర్ల ముందు, దాని కుడి అంచుకు అర మీటరు పక్కన, నేల నుంచి మీటరున్నర ఎత్తున కన్ను ఉన్న వ్యక్తికి కాంతి మిరుమిట్లు గొలపరాదు. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి రూ.5 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ నిర్దేశించింది. ఇవి కాగితంపై మాటలు. రాత్రి వేళ దీపం కోణాన్ని కొలిచే తనిఖీ గ్రామీణ రహదారుల్లో కానరాదు. ఒకప్పుడు హెడ్‌లైట్ పైసగానికి నల్లరంగు పూయించేవారు. అది మొరటు ఉపాయమే అయినా ఎదుటివాడు ఒకడున్నాడన్న ధ్యాస అందులో ఉండేది.

ఖర్చు లేని సవరణ

దీపాన్ని సరైన కోణంలో నిలపడానికి కొత్త సామగ్రి అక్కరలేదు. సమతల నేలపై, గోడకు 10 మీటర్ల దూరంలో కారు నిలిపి, దీపం మధ్యభాగం ఎత్తును గోడపై సుద్దతో గుర్తించాలి. లో బీమ్ పై అంచు ఆ గుర్తుకు సుమారు 10 సెంటీమీటర్ల దిగువన పడాలి. డిక్కీలో బస్తాలు వేసి తిరిగే కారైతే ఆ బరువుతోనే సరిచూసుకోవాలి. వెనుక కుంగితే ముందు దీపం ఆకాశానికి లేస్తుంది.

ఇలా సరిచేసినా పరిమితి ఉంది. నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న దీపపు లో బీమ్ పై అంచు 65 మీటర్ల వద్ద నేలను తాకుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు, డ్రైవరు తేరుకునే సమయంతో కలిపి, పొడి రోడ్డుపై ఆగడానికి దాదాపు 50 మీటర్లు కావాలి. 80 కిలోమీటర్ల వేగమైతే 75 మీటర్లు. నల్ల టార్పాలిన్ వెలుగును వెనక్కి పంపదు కనుక అది కనిపించేది మరీ దగ్గరికి వచ్చాకే. ట్రాలీ వెనుక ఎర్రటి రిఫ్లెక్టరు పట్టీ, రాశి చివర రాళ్లపై తెల్లసున్నం గీత ఉంటే పాత మారుతి మామూలు దీపానికీ అవి ఎంతో ముందుగానే కనిపిస్తాయి. కొనుగోలు కేంద్రాలు తెరిచే ముందు మార్కెట్ కమిటీ, రవాణా, పోలీసు శాఖలు కలిసి చేపట్టదగిన పని ఇదే. ట్రాక్టర్లు మార్కెట్ యార్డు గేటు దాటేటప్పుడే పట్టీలు అంటించే వీలుంది.